తమ్ముడి మంచుబండి

చెల్లి మార్లిస్‌కూ, సమస్త విస్కాన్సిన్ ప్రజలకూ తెలియజేయడమేమనగా: ఆదివారం నేను చేసిన 'గుమ్మడికాయ పై' అనే తీపి వంటకం మాడినది నా వల్ల కాదు, పొయ్యి వల్ల.

ఇక అసలు భయం విను. వెర్నా అత్త తన ఇల్లు అమ్మిన డబ్బు నేరుగా మన తమ్ముడు ఓరిన్ పేరనే వేస్తానని పట్టుబట్టింది. అలా వేస్తే వాడి పేర డబ్బుందని, వికలాంగుడిగా వాడికొచ్చే సర్కారు సాయం ఆగిపోతుంది. రోజూ పొద్దున్నే వాణ్ణి మంచం మీంచి లేపి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టే గ్లాడిస్‌కు జీతం అందులోంచే, ఆమె ఇక రాదు. వాడి తరఫున వేరొకరు చూసుకునే ట్రస్టులో పెడితే వాడి అవసరాలూ తీరతాయి, సాయమూ పోదని లాయరు చెప్పాడు. అత్త వింటేగా!

"నా మేనల్లుడి డబ్బు మీద ఇంకొకడి పెత్తనమేంట్రా? వాడేమన్నా పసివాడా?"

"కాదు గనకే భయం అత్తా. డబ్బు చేతికొస్తే మోటారు మంచుబండి కొని, గడ్డకట్టిన సరస్సు మీద తోలతానంటున్నాడు."

అత్త కాఫీ కప్పు దించేసింది. "ఆ ట్రస్టే రాయించు."

సంతకాలు శుక్రవారం. గురువారం అత్త వాణ్ణి తిట్టడానికి వెళ్తోంది. వాడికి అబద్ధం చేతకాదు. నువ్వు ముందే వెళ్లి, నోరెత్తకుండా తిట్లు తినమని చెప్పు తల్లీ.

ఎందుకంటే మంచుబండి ఊసు వాడెత్తనే లేదు. అదంతా నా కల్పన. వాడు నన్నడిగింది ఒక్కటే: "గ్లాడిస్ వస్తూనే ఉంటుందిగా అన్నా?"

నీ అన్న