రాతి తూము

సెప్టెంబర్ 22, సోమవారం
న్యూజిలాండ్ కొండల్లో, ఆర్థర్స్ పాస్‌లో ఇరవై మూడో రోజు. సాక్సులు ఆరి చావవు. మోటెల్‌లో హీటర్ ఉందన్న మాటే గానీ వేడి లేదు. ఇవాళ ఒక కీయా చిలుక నా కారు వైపర్ రబ్బరు పీక్కుపోయింది. తరిమే ఓపిక కూడా లేదు, చూస్తూ నిలబడ్డాను.

శనివారం నా కూతురు వర్షితకు నాలుగేళ్లు నిండుతాయి. శుక్రవారానికి రోడ్డు జారకుండా కడుతున్న ఈ గోడ అయిపోతే రోడ్డు తెరుస్తారు, నేను క్రైస్ట్‌చర్చ్‌లో ఇంటికి వెళ్తాను. కిందటేడు పుట్టినరోజుకీ నేను సైట్‌లోనే ఉన్నాను.

సెప్టెంబర్ 23, సాయంత్రం 4.10
గోడ చివరి ముక్కకు పునాది తవ్వుతుంటే, రోడ్డు కింద నీళ్లు పోయే పాత రాతి తూము బయటపడింది. నూట అరవై ఏళ్ల కిందట ఈ కొండల మీదుగా మొదటి రోడ్డు వేసినవాళ్లు కట్టింది. సిమెంటు చుక్క లేదు, రాయి మీద రాయి.

మా మేస్త్రీ కిష్టయ్య దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. పాలమూరు మనిషి, తాతల నుంచీ రాతిపనే. భూకంపం తర్వాత క్రైస్ట్‌చర్చ్‌లో పనికొచ్చి ఉండిపోయాడు. గింత చలిల పలుగూ పారా పట్టుకొని ఈ రాళ్లు పేర్చినోళ్లు మనసొంటోళ్లే అన్నాడు. మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి చూశాడు. తడి ఉన్నది మేడం, నీళ్లు ఇంకా ఇట్లకెల్లే పోతున్నయ్, మూయద్దు అన్నాడు.

సైట్ ఇంజనీర్‌ని, రూల్ నాకు తెలుసు. అంత పాతది ఏది దొరికినా పని ఆపి పురావస్తు శాఖకు చెప్పాలి. చెబితే రెండు వారాలు పోతాయి. కొత్త పైపు వేస్తున్నాంగా, చాలు, రేపు కాంక్రీటుతో మూసెయ్యి అన్నాను. ఫోన్‌లో దాని ఫోటో తీసుకుని, నీ ఇష్టం బిడ్డా అన్నాడు. సైట్‌లో నన్నెప్పుడూ బిడ్డా అనడు.

సెప్టెంబర్ 24
మూసేశాం.

సెప్టెంబర్ 27, శనివారం
ఇంట్లో ఉన్నాను! వర్షిత ఒళ్లోకెక్కి, నా దగ్గర మట్టి వాసనొస్తోందని ఇంగ్లీషులో చెప్పింది. అయినా దిగలేదు. కేకు ముందు కూర్చునే నేను కునికిపాట్లు పడుతుంటే లోకేశ్ ఫోటో తీశాడట, మొగుడనిపించుకున్నాడు. సంతోషంగానే ఉంది. కానీ గంటకోసారి వెదర్ చూస్తున్నాను. కొండల మీద నార్‌వెస్టర్, అదే వాయవ్యపు గాలి, పెద్ద వాన అంటున్నారు.

సెప్టెంబర్ 30
కొత్త పైపు రాళ్లతో పూడుకుపోయింది. నీళ్లు పోయే దారి లేక గోడ వెనక నిండాయి. గోడ విరిగి సగం రోడ్డు లోయలోకి జారింది. తెల్లవారుజామున. దేవుడా, ఒక్క బండీ లేదు. ఆ సమయానికి ఒక్క బండీ లేదు.

అక్టోబర్ 2
మీటింగ్. మేస్త్రీ గోడ సరిగా కట్టలేదని తేల్చారు. కిష్టయ్యను రేపటి నుంచి రావద్దన్నారు. తూము ఊసు ఎవరూ ఎత్తలేదు. నేనూ నోరు మెదపలేదు. ఛీ.

సాయంత్రం అతనికి ఫోన్ చేసి, ఆ ఫోటో ఎందుకు చూపించలేదని అడిగాను. చూపిస్తే నీ నౌకరీ పోతది గద, పసిపిల్ల తల్లివి అన్నాడు. నాకేంది, ఏడికి పోయినా రాళ్లుంటయ్ అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఫోటో నాకు పంపమంటే, ఎందుకు బిడ్డా అన్నాడు. తర్వాత పంపాడు. తూము, పక్కనే నా బూట్లు.

అక్టోబర్ 3, ఉదయం 5.30
లోకేశ్‌ను లేపి చెప్పాను. బాగా ఆలోచించావా అన్నాడు. ఆలోచిస్తే పంపను అన్నాను. కంపెనీకి మెయిల్‌లో మూడే ముక్కలు రాశాను. తూము దొరికింది. మూయొద్దని కిష్టయ్య చెప్పాడు. మూయించింది నేను. ఫోటో జతచేశాను.

పంపి, వర్షిత పక్కన పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

అక్టోబర్ 17
ఉద్యోగం పోయి వారం. కిష్టయ్యను మళ్లీ పిలిచారు. ఇవాళ తనే కాంక్రీటు పగలగొట్టి తూము తెరిచాడు, వీడియో పంపాడు. మాటల్లేవు, నీళ్ల చప్పుడే. వర్షిత ఎనిమిదిసార్లు చూసింది.