ప్రముఖుల పుస్తకంలో నీ పేజీ

పద్మనగర్, భివండి
12-8-2004

చిరంజీవి సౌభాగ్యవతి శ్రీదేవికి, నిన్ను తలచుకుంటేనే గుండె నిండిపోయే నాన్న దీవెనలు.

బిడ్డా! మన సాలెల సమాజం వాళ్ళు భివండి తెలుగు ప్రముఖుల మీద పుస్తకం వేస్తున్నారు. నాగ్‌పూర్ కోర్టులో జడ్జివని నీకు అందులో ఒక నిండు పేజీ! అచ్చుకు ముందు ఆ కాగితం పుస్తకం రాస్తున్న మల్లేశం తెచ్చిచ్చాడు. గల్లీలో కనబడ్డ ప్రతివాణ్ణీ ఆపి చదివించాను. ఛాయ్ దుకాణం ఆగయ్య, "గాలన్నా, పొద్దటి సంది ఇది నాలుగోసారి, ఇగ నాకు నోటికొచ్చింది" అని మొత్తుకున్నాడు. నలభై ఏళ్ళు షెడ్డులో మరమగ్గాల సాంచెల మధ్య నిలబడి అరిగిన మోకాళ్ళు ఆ పూట నొప్పి మరిచాయి.

కానీ అందులో ఒక వాక్యం ఉంది: "తండ్రి గాలయ్య పట్టుదలతో చదివించారు." మల్లేశానికి ఆ మాట చెప్పింది నేనే. సంతోషంలో నోరు జారింది. అప్పటినుంచి అన్నం సయించడం లేదు.

ఏడో తరగతిలో నిన్ను బడి మాన్పించి, సాంచెలకు నూలు కండెలు చుట్టమని ఇంట్లో కూర్చోబెట్టింది నేను. నేను షెడ్డుకు పోగానే మీ అమ్మ నిన్ను బడికి పంపి, నీ వంతు కండెలు కూడా తనే చుట్టేది. నాకు తెలియదని మీరిద్దరూ అనుకున్నారు. కండె చేతిలోకి తీసుకుంటే ఎవరు చుట్టారో సాలెవాడికి తెలియదా తల్లీ? నీవి వదులు, నూలు జారిపోయేది. మీ అమ్మవి రాయిలాగా బిగువు. అన్నీ బిగువువే వస్తుంటే మొదటి వారమే తెలిసింది. తెలిసి ఊరుకున్నాను. అందుకు నన్ను మంచివాడనుకోకు. ఆమె భుజం పైకి లేవకుండా అయిపోతున్నా ఊరుకున్నాను.

రేపు పోయి ఆ వాక్యం మార్పిస్తాను.

నీ నాన్న
గాలయ్య


పద్మనగర్
20-8-2004

నా బంగారు తల్లి శ్రీదేవికి,

మార్పించాను. "తల్లి లక్ష్మవ్వ కండెలు చుట్టి చదివించింది" అని ఉందిప్పుడు. నా పేరు తీసేయించాను. ఇంటికొచ్చి మీ అమ్మకు చదివి వినిపించి, కండెల సంగతి నాకు మొదటినుంచీ తెలుసని చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను.

ఆమె బియ్యం చేట కింద పెట్టింది. "ఇరవై అయిదేండ్ల సంది నిన్ను మోసం జేసిన అని లోపల్లోపల మురుసుకున్న. గదీ లేకుంట జేసినవు" అంది.

మూడో రోజు, "తెలిసినోనివి, ఒక్క పొద్దన్న వచ్చి చర్ఖా ముంగట కూసున్నవా?" అని అడిగింది. షెడ్డులో పన్నెండు గంటల పాళీ చేసి అలిసిపోయి వచ్చేవాణ్ణి అందామనుకున్నాను. ఆమె ముఖం చూశాక ఆ మాట నాలుక దాటలేదు. "లేదు" అన్నాను.

నిన్న మళ్ళీ చదవమంది. చదివాను.

"నీ పేరేది?"

"తీసేయించిన."

"తీపిచ్చినవా! పుస్తకం చూసినోళ్ళు నాకు మొగడు లేడనుకోరా? పో, పెట్టిచ్చి రా. చదివిచ్చిండని మాత్రం రాపియ్యకు."

మరేం రాయించనని అడిగాను. చాలాసేపు బియ్యంలో రాళ్ళేరుకుంటూ కూర్చుంది.

"తెలిసీ అడ్డం రాలేదని రాపియ్యి" అంది.

నాకు అదే ఎక్కువ తల్లీ. రేపు ప్రెస్సుకు మళ్ళీ పోతున్నాను.

నీ నాన్న
గాలయ్య