పదకొండో ప్రశ్న

అరకులోయ,
కార్తీక మాసం, ఆదివారం.

శ్రీవారికి అనురాధ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ పాపా బాగానే ఉన్నాం. మీరూ వేళకు తిని నిద్రపోతున్నారని అనుకుంటాను. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్లీ ఈ ఉత్తరమేమిటని నవ్వకండి. ఫోన్లో నోరు పెగలని సంగతి ఒకటుంది.

పాప బట్టలతో పాటు మీరు పెట్టిన చీటీలో అడిగినవి ముందు చెబుతాను. పాపకు దగ్గు తగ్గింది. శుక్రవారం సంతలో కాఫీ గింజలు కొని వేయించి పెట్టాను, అక్కడ మీరు తాగే చికోరీ నీళ్ల కంటే నయం. మా కొత్త హెడ్మాస్టరుకు అరుపులెక్కువ, మనిషి మంచివాడే. ఇక మీ చార్జరు. ప్రభుత్వ రాయితీ మంజూరైంది. కింద పార్కింగులో మెట్ల పక్క స్తంభానికి బిగించారు. బదిలీ మీద వచ్చేటప్పుడు మీ కరెంటు కారు నిక్షేపంగా తెచ్చుకోవచ్చు.

బుధు చనిపోయాడండీ. పది రోజులైంది. మీకు చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో చెప్పాలంటే ఆషాఢం నుంచి మొదలుపెట్టాలి. రాయితీ దరఖాస్తు మీద స్థల యజమాని వేలిముద్రో సంతకమో ఉండాలన్నారు. ఏజెన్సీలో మనలాంటి మైదానపు వాళ్లు భూమి కొనకూడదని తెలిసే కదా, స్థలం బుధు పేరునే ఉంచి, ఉత్త కాగితాల మీద పన్నెండు కుటుంబాల వాళ్లం ఇళ్లు కొనుక్కున్నాం. తన పొలంలో లేచిన మేడకు తనే వాచ్‌మన్ అయి, మెట్ల కింద గదిలో పడుకున్నాడు. మన పాపను భుజాన వేసుకుని బడికి మోసిన మనిషి. మీరు తొందరపెడుతున్నారు, గడువేమో వారమే ఉంది. అసోసియేషన్ కార్యదర్శిని కాబట్టి కాగితాలు పట్టుకుని నేనే అతని దగ్గరికి వెళ్లాను.

ఆ స్తంభం పక్కన పాతిన రాయి మీకు గుర్తుండే ఉంటుంది. పసుపు పూసి ఉండేది. పొలం ఉన్నప్పటి నుంచీ అదే వాళ్ల నేలతల్లి. ఏటా కొత్త సామలు దాని ముందు పెట్టాకే బుధు నోట్లో వేసుకునేవాడు. మనకూ దోసెడు తెచ్చి, "తినండమ్మా, తల్లి తినీసింది" అనేవాడు.

చార్జరు వాళ్లు మీటరు బోర్డుకు దగ్గరని సరిగ్గా ఆ చోటే గుర్తు పెట్టారు. దరఖాస్తులో పదకొండో ప్రశ్న: ప్రతిపాదిత స్థలంలో పూజా స్థలాలు ఏవైనా ఉన్నాయా? ఉందని రాస్తే తనిఖీకి వస్తారు. వస్తే భూమి ఎవరిది, ఇళ్లెవరివి అని తవ్వుతారు. ఇల్లు పోతుందని భయపడ్డాను. లేవు అని రాశాను.

బుధు ముందు కూర్చుని కాగితమంతా చదివాను, ఆ ఒక్క ప్రశ్న తప్ప. అంతా విని అడిగాడు.

"రాయి సంగతి రాసినారా అమ్మా?"

"రాశాను బుధూ."

"అయితే సరి. నువ్వు సదువుకున్న మనిషివి" అని వేలు చాచాడు.

నలభై మంది పిల్లలకు అబద్ధం ఆడకూడదని చెప్పే నోటితోనే ఆ మాట అన్నాను.

శ్రావణంలో తవ్వడానికి మనుషులొచ్చారు. బుధు గొడవ చేస్తాడేమోనని పై నుంచి చూస్తూ నిలబడ్డాను. చేయలేదు. "ఏలిముద్ర ఏసీసినాను, మాట ఇచ్చీసినట్టే" అని, వాళ్లను ముట్టుకోనివ్వకుండా రాయిని తనే పెకలించి తువ్వాలులో చుట్టుకున్నాడు. ఇంకోచోట నిలపాలంటే వాళ్ల పూజారి దిశారి వచ్చి మంచి రోజు చూడాలట, పూజ చేయాలట. హుకుంపేట దగ్గర కూతురు గంగ ఊరికి నడిచే వెళ్లాడు, అంత వానలోనూ. జ్వరం పట్టుకుని రెండు నెలలు మంచం దిగలేదు. దిశారి చెప్పిన రోజు వచ్చేలోగా పోయాడు. రాయి ఇంకా తువ్వాలులోనే ఉందట.

నిన్న గంగ వచ్చింది. నలభై దాటిన మనిషి, బడి ముఖం ఎరగదు. కొంగున కొత్త సామలు మూట కట్టుకుని వచ్చింది.

"అయ్య పోయే ముందర సెప్పినాడమ్మా. రాయి లేకపోయినా సోటు ఉంది కదా, టీచరమ్మ సేత అక్కడ పెట్టించండి, అప్పుడే మీరు తినండి అని. మా ఇంట్లో ఎవులూ ఇంకా కొత్త ముట్టుకోనేదు."

మూట అందుకున్నాను. గంగ కదలలేదు.

"ఇంకోటమ్మా. రాయి సంగతి గవర్మెంటు కాగితంలో రాసినారట గదా. అది ఎక్కడుందో ఒక్కపాలి సూపించు."

ఏం చేయనండీ? నిజం చెప్పేందుకు అంతకన్నా మంచి సమయం ఉండదని తెలుసు. బీరువా తీసి దరఖాస్తు నకలు తెచ్చాను. పదకొండో ప్రశ్న కింద నేను రాసిన 'లేవు' మీద వేలు పెట్టి, ఇదిగో అన్నాను. గంగ ఆ మాటను ముట్టుకుని రెండు కళ్లకూ అద్దుకుంది. ఆ పక్కనే ఉన్న తండ్రి వేలిముద్రను కూడా.

తర్వాత కిందికి వెళ్లి చార్జరు ముందు సామలు పెట్టాం. పచ్చ దీపం వెలుగుతోంది. ఆమె దండం పెట్టింది, నేనూ పెట్టాను. ప్రసాదమని నా చేతిలో పిడికెడు పోసి వెళ్లింది. అవి వండలేదు, పారేయలేదు. వంటింట్లో గ్లాసులో ఉన్నాయి.

మీ కారు సంగతి నన్ను అడగకండి. సెలవు పెట్టి రండి. హుకుంపేట వెళ్లి గంగ ముందు ఆ కాగితం ఉన్నదున్నట్టు చదవాలి. ఇల్లు పోతే పోనీ. పొద్దుటి నుంచి ఒక్కదాన్నే బయలుదేరి రెండుసార్లు బస్టాండు దాకా వెళ్లి తిరిగొచ్చాను.

ఇట్లు,
మీరు వచ్చేదాకా కొత్త తినని
మీ భార్య,
అనురాధ