ఇంజనుకి చల్లగాలి

నూజివీడు,
మే నెల మొదటి శనివారం.

మా చిట్టితల్లి గ్లోరీకి,

మరియమ్మ తల్లి నీకు తోడుండుగాక. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ బాగుంది, ఆవిడ నోరు ఇంకా బాగుంది. నాయనమ్మ మోకాళ్ళు ఎప్పట్లాగే ఆవిడ మాట వినడం లేదు, ఆవిడ ఎప్పట్లాగే ఎవరి మాటా వినడం లేదు. నువ్వూ, నీ తోటి పిల్లలూ, మదర్ గారూ క్షేమమని తలుస్తున్నాను. మీ అరకు మఠంలో ఈ రెండేళ్ళూ ఫోను ముట్టకూడదన్నారు కాబట్టి నా చేతిరాత చదివే శిక్ష నీకు తప్పడం లేదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. కాపు ఫర్వాలేదు. బంగినపల్లి మొహం చాటేసింది గానీ చిన్న రసాలు విరగకాశాయి. నువ్వు పాలు పట్టి పెంచిన తెల్లావు ఈనింది, పెయ్యదూడ. ఇక, అంబాసిడర్ ఇంకా ఉందా, తూకానికి అమ్మేశారా అని ఎగతాళి చేశావు చూడు, దానికి ఒక్క ముక్కలో జవాబు రాయలేను. ఈ ఉత్తరమంతా ఆ జవాబే. ఇంకో ప్రశ్న కూడా అడిగావు. నెలాఖరున నీ మొదటి మాటపట్టు రోజున, సిస్టరుగా నువ్వు దేవుడికి మాటిచ్చే రోజున, గుడి గుమ్మం నుంచి బలిపీఠం దాకా నీ పక్కన ఎవరు నడుస్తారని. అది ఆఖర్న రాస్తాను.

నాయనమ్మ నీ మాటపట్టు చూడాలని పట్టుబట్టింది. బస్సెక్కితే డోకు, రైలెక్కితే కళ్ళు తిరగడం, అద్దాలు మూసిన ఏసీ కారైతే ఊరి పొలిమేర కూడా దాటదు. ఆవిడకి పడే బండి మీ తాతయ్య అంబాసిడర్ ఒక్కటే. "ఆ కారైతే అరకు కాదు, రోముకైనా వస్తాను. లేదంటే నా దీవెన పోస్టులో పంపిస్తాను" అని తేల్చేసింది. అంటే ఆ కారు అరకు ఘాట్ రోడ్డు ఎక్కాలి. ఎక్కకపోతే ఆవిడ నిన్ను చూడదు. ఆవిడని వదిలి నేను రాను. అదమ్మా సంగతి.

పాత ఇంజను చచ్చిపోయాక నిరుడు ఆటోనగర్ నుంచి క్వాలిస్ డీజిల్ ఇంజను తెచ్చి నేనే బిగించాననీ, ఆర్సీలో కూడా ఎక్కించాననీ నీకు తెలుసు. ఇన్నేళ్ళు ఆర్టీసీ గరాజులో పనిచేసినవాడికి అదో లెక్కా? కానీ ఇంజను దూరింది గానీ దాని గాలి డబ్బా దూరలేదు. రేడియేటరు వెనక, సైలెన్సరు గొట్టం పక్కన దొరికిన సందులో చిన్న ఫిల్టరు ఇరికించి ఊరుకున్నాను. చదును రోడ్డు మీద తేడా తెలియలేదు. ఫిబ్రవరిలో పరీక్షకని కొండపల్లి ఖిల్లా రోడ్డు ఎక్కిస్తే సగంలో ఓ మలుపు దగ్గర నల్లపొగ కక్కి నిలబడిపోయింది. స్కూటీ మీద ఇద్దరు కాలేజీ పిల్లలు జాలిగా చూస్తూ దాటిపోయారు. పొయ్యిలో తల పెట్టి ఊదే మనిషికి ఊపిరి ఆడుతుందా? దీనికీ అంతే. తన వేడిగాలి తనే పీలుస్తోంది. బయట నుంచి చల్లటి గాలి నేరుగా ఇంజనులోకి వెళ్ళేలా వేరే గొట్టం వెయ్యాలని అప్పుడే అనుకున్నాను.

అట్టముక్కతో నమూనా కోసుకుని హనుమాన్ జంక్షన్‌లో కిటికీ గ్రిల్స్ చేసే విక్టర్ దగ్గరికి పోయాను. స్టీలు గొట్టం రెండు వంపులు తిప్పించాను. కుడి హెడ్‌లైటు వెనక, మడ్‌గార్డు లోపల ఉన్న ఖాళీలో పెద్ద ఫిల్టరు, కడిగి మళ్ళీ వాడుకునే గుడ్డ రకం. ఇంజను వేడి తగలకుండా దానికి నాలుగు పక్కలా రేకు గది. గొట్టానికీ ఇంజనుకీ మధ్య రబ్బరు ముక్క, ఎందుకంటే డీజిల్ ఇంజను ఊగుతుంది, స్టీలు ఊగదు. వాననీళ్ళు పోకుండా గొట్టం నోరు కిందికి వంచాను. బిగించడమంతా మన తోటలో, పెద్ద రసం చెట్టు కిందే. మన పనులన్నీ అక్కడేగా.

ఈలోగా "విక్టరూ, చల్లగాలి గొట్టం ఎంతవరకు వచ్చింది?" అని నేను ఫోన్లో అడగడం మీ అమ్మ విన్నది. విన్నది తన దగ్గర ఉంచుకుంటే అది మీ అమ్మ ఎందుకవుతుంది? కారుకి ఏసీ పెట్టిస్తున్నారని గుడి పాటల బృందమంతటికీ చాటేసింది. అత్తగారికి పడదంటే ఆవిడ పక్క అద్దం దించుకుంటారులే అని సర్దిచెప్పింది కూడా. మార్చిలో ఓ ఆదివారం పూజ అయ్యాక నేను మళ్ళీ కొండపల్లి బయల్దేరుతుంటే పట్టుచీర కట్టుకుని, ఆ బృందంలోని లేయా ఆంటీని వెంటబెట్టుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. ఇద్దరూ అద్దాలు పైకంటా ఎక్కించేశారు. ఎందుకో నాకర్థం కాలేదు, అడగనూ లేదు.

మైలవరం దాటేసరికి ఇద్దరి మొహాలూ ఉడికిన దుంపల్లా అయ్యాయి. లేయా ఆంటీ మర్యాదస్తురాలు. "అన్నయ్యగారూ, చల్లగాలి ఎప్పుడు మొదలవుద్దండీ?" అని మెల్లిగా అడిగింది.

"ఎప్పుడో మొదలైందమ్మా, ఇంజనులోకి పోతోంది" అన్నాను.

వెనక నుంచి మీ అమ్మ అందుకుంది. "ఇంజనుకి చల్లగాలి, కట్టుకున్నదానికి వడగాలీనా? ఏంటండీ ఇది? ఊళ్ళో నేను తల ఎలా ఎత్తుకోవాలి?"

నేనూ తల ఎత్తుకోలేకపోయాను, ఎందుకంటే కారు మళ్ళీ ఆ మలుపులోనే ఆగిపోయింది. మొదటిసారి కన్నా ఎక్కువ పొగ. విక్టర్ వెల్డింగుని తిట్టాను, గొట్టం సైజుని తిట్టాను, డీజిల్‌లో కల్తీ అన్నాను. "ఇది దీని వల్ల కాదు, ఇంటికి పోదాం పదండి" అనేశాను. మీ అమ్మ కోపం మీదే కారు దిగి, ఆ చల్లగాలి ఎక్కడుందో తనకి చూపించమంది. బానెట్ ఎత్తి రేకు గది మూత తీశాను. ఫిల్టరు మీద వేలు పెట్టి, రెండు వేళ్ళ మధ్యా రాసి చూసింది.

"ఇది తేనెమంచు కదండీ" అంది.

చెట్టు పూత మీదుండగా ఏ చెట్టు కింద పని చేశానో అప్పటికి గుర్తొచ్చింది. పూతని పీల్చే పురుగు వదిలే జిగురు సన్నగా రాలుతూనే ఉంటుంది కదా. నేను బానెట్ తీసిపెట్టి, మూతలేని ఫిల్టరుని రోజుల తరబడి దాని కిందే ఉంచాను. జిగురు మీద పూత పొడి, పూత పొడి మీద రోడ్డు దుమ్ము. గాలి దూరే సందే లేదు. ఏటా ఆ పురుగుకి మందు కొట్టేవాణ్ణి నేనే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. లేయా ఆంటీ పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. మీ అమ్మ నవ్వలేదు. తన ఏసీ సంగతి ఇంకా మర్చిపోలేదు మరి.

మర్నాడు ఫిల్టరుని సర్ఫు నీళ్ళలో నానబెట్టి కడిగాను. మీ అమ్మ పాత దోమతెర కత్తిరించి దానికి ఓ తొడుగు కుట్టింది, కింద నాడా కూడా పెట్టింది. "నాకు కుట్టుకోవాల్సిన జాకెట్లు అలాగే ఉన్నాయి, ఇంజనుకి మాత్రం గౌను" అని సణుగుతూనే కుట్టింది.

పోయిన ఆదివారం, ఎండ నడినెత్తిన ఉండగా, ముందు సీట్లో నాయనమ్మ, వెనక మీ అమ్మ, డిక్కీలో నాలుగు పెట్టెల రసాలు. నాలుగద్దాలూ దించి ఖిల్లా రోడ్డెక్కించాం. ఆ పాడు మలుపు వచ్చింది. సెకండ్ గేరు వేశాను. మడ్‌గార్డు లోపల నుంచి గాలి లాగుతున్న చప్పుడు, బొంగురుగా, నిండుగా వినిపించింది. బండి గుంజుకుంటూ పోయింది. అద్దంలో చూశాను, వెనక పొగ లేదు. ముందు నెమ్మదిగా పోతున్న ఇన్నోవాకి హారన్ కొట్టి మరీ దాటాను. అవసరం లేదు, అయినా కొట్టాను. పైకెళ్ళి ఆపితే నాయనమ్మ జపమాల చేతిలో పట్టుకుని చిరాకుపడింది. "జపమాల ఐదు పదుల్లో మూడే అయ్యాయి, అప్పుడే వచ్చేశామేంట్రా శౌరీ? మిగతా రెండూ ఎక్కడ చెప్పుకోను?" దిగేటప్పుడు చెప్పుకోమన్నాను. నాకు రాజ్యం గెలిచినట్టుంది తల్లీ. అక్కడున్న టూరిస్టులకి అడగకపోయినా బానెట్ ఎత్తి చూపించాను, అందరికీ తలో రసం పంచాను.

ఇప్పుడు నీకు చెప్పాల్సినది చెబుతాను. మార్చిలో ఆ మలుపు దగ్గర ఆగిపోయినప్పుడు పైకి తిట్టాను గానీ, లోపల నాకు హాయిగా అనిపించింది. కారు ఎక్కదు. నాయనమ్మ రావడం కుదరదు. ఆవిడ కోసం నేనూ ఆగిపోవచ్చు. నేను అక్కడ లేకపోతే నిన్ను నా చేతులతో ఇచ్చినట్టు కాదు, నువ్వు ఇంకా మా ఇంటి పిల్లవే అనుకున్నాను. సిగ్గుపడే మాటే, కానీ నిజం. మన ఊరి గుడి ఫాదర్ గారు నన్ను మెచ్చుకున్నప్పుడల్లా తల ఊపాను గానీ, నిన్ను దేవుడికి ఇవ్వడానికి నా మనసు ఇన్నాళ్ళూ ఒప్పుకోలేదు.

కొండ మీద మీ అమ్మకి ఇదంతా చెప్పాను. ఆవిడకి ముందే తెలుసట. "ఇష్టం లేని మనిషే అయితే ఆ మర్నాడు పొద్దున్నే లేచి ఫిల్టరు ఎందుకు కడిగారండీ? మిమ్మల్ని ఎవరూ అడగలేదే" అంది. నేను ఒప్పుకునే లోపే నా చేతులు ఒప్పేసుకున్నట్టున్నాయి.

మీ మాటపట్టుకి రెండు రోజుల ముందే బయల్దేరుతున్నాం, దారిలో తునిలో ఆగి పడుకుంటాం. మదర్ గారికి చెప్పు, మీ గుడి గుమ్మం దగ్గర నీ పక్కన నిలబడేది నేనే. బలిపీఠం దాకా నేనే నడిపిస్తాను. కాస్త నెమ్మదిగా నడుస్తాను, నన్ను తొందరపెట్టకు.

ఇట్లు,
నిన్ను ఇవ్వడానికి వస్తున్న
మీ నాన్న,
బాలశౌరి