వంపుకి చెప్పిన పేరు

మావా,

నువ్వు చదవవు కాబట్టే రాస్తున్నాను. ఇవాళ మ్యాపు గీయడానికి బెజవాడ నుంచి సర్వే ఆఫీసరుగారు మన రేవుకొచ్చారు. సముద్రం లోపలికి వంగిన చోట నీ పడవ మునిగింది కదా, పడవ యజమానివని జనం ఆ వంపుకి నీ పేరే పెట్టారు. గాలి మారింది, వద్దన్న నా తమ్ముడు నాంచారయ్యని పిరికివాడని తిట్టి ఎక్కించుకుపోయావు. నీతోపాటు వాడూ మునిగిపోయాడు. వాడి పేరు ఎవరూ ఎత్తరు.

ఒడ్డున చేపలు ఎండబెడుతూ నేనొక్కదాన్నే ఉన్నాను.

"ఈ వంపుని ఏమంటారమ్మా?"

మొగుడి పేరు పలికితే వాడి ఆయుష్షు తగ్గుతుందని మీ అమ్మ పెళ్లినాడే నా నోరు కట్టేసింది.

"నాంచారయ్య వంపంటామండీ," అన్నాను. ఆయన రాసుకున్నారు.

మీ అమ్మ మాట దాటలేదు మావా. నీ పేరు నా నోట రాలేదు, ఇక మ్యాపులోకీ రాదు.