మాయ రాల్చిన బుడగలు

అరకు లోయ
గురువారం

అక్కా,

నీ పాదాలకు నమస్కారాలు. నువ్వూ సాలూరులో అందరూ క్షేమమే కదా? బావగారి దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు. ఆయన పోయాక ఇక్కడ ఆసుపత్రిలో ఆయాగా చేరినప్పటి నుంచి రాగి అంబలి అలవాటైంది. ఈ పొగమంచే అలవాటు కాలేదు. పూజ ముగించి తలుపు తీస్తే ఎదుటి కొండ కూడా కనబడదు. పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు.

ఈమధ్య విశాఖ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చారు. కడుపులో బిడ్డను అంటిపెట్టుకుని ఉండి, కాన్పయ్యాక బయటపడే మాయ నుంచి కంటికి కనబడనంత చిన్న బుడగలు రాలి తల్లి నెత్తురులో కలుస్తాయట. బీపీ పెరిగే తల్లుల్లో అవి ఎక్కువట. వాటిని బట్టి ఫిట్స్ రాకముందే ప్రమాదం పసిగట్టవచ్చేమోనని పరిశోధన చేస్తున్నారు.

అప్పుడే సుక్రి అనే తల్లిలేని పిల్ల తొలి కాన్పుకు చేరింది. ముఖం, కాళ్లు వాచి, బీపీ బాగా ఎక్కువ. డాక్టరమ్మ పరీక్షకు కొంచెం నెత్తురూ, కాన్పయ్యాక మాయా అడిగారు. మాయను ఇంటి చూరు కింద పూడ్చకపోతే బిడ్డ నిలవదని ఇక్కడి కొండవాళ్ల నమ్మకం. సుక్రి అత్త లేచింది.

"మాయ మీకేటికమ్మా? సీసాలో ఎట్టుకుంటారేటి? లెగే గుంటా, బేగి పోదాం!"

"ఈ బీపీతో కొండెక్కితే ప్రాణానికే ముప్పు, వదినా" అన్నాను.

"నీకేటి తెలుసు? నీదీ ఊరు కాదు గదా!"

ఆ మాట గుచ్చుకుంది. కోడల్ని తీసుకుని ఆవిడ బయల్దేరింది. అయినా బస్సు ఆగే చోటు దాకా వెనకే వెళ్లాను. మాయను నా చేతులతో తెచ్చి ఇస్తానని దేవుడి మీద ఒట్టేశాను.

"ఇయ్యకపోతే నీ ఇంటి ముందర కూసుంటాను!"

"నాకు ఇల్లెక్కడుంది? ఆసుపత్రి మెట్ల మీద కూర్చో."

ఆవిడ నవ్వింది. అత్తాకోడళ్లిద్దరూ వెనక్కి వచ్చారు. డాక్టరమ్మ కూడా నెత్తురు చాలన్నారు. ఆ పరీక్ష ఫలితం ఇంకా తేలలేదు. మందులిచ్చినా బీపీ దిగకపోతే, ముందుగానే నొప్పులు తెప్పించి కాన్పు చేశారు. ఆడపిల్ల. తల్లీబిడ్డా దక్కారు, దేవుడి దయ.

మాయను కొత్త కుండలో పెట్టి వాళ్లింటికి పట్టుకెళ్లాను. అత్త గునపం నా చేతికిచ్చింది. "సుక్రి తల్లి పూడ్సాల. దానికి తల్లి లేదు గదా, నువ్వు పూడ్సు."

పూడ్చాక చెప్పింది, అలా పూడ్చిన మనిషి బిడ్డకు పళ్లొచ్చేదాకా అరకు దాటి కిందికి దిగకూడదని!

"ముందే చెప్పలేదేం?"

"సెప్తే పూడ్సుదువా?"

అందుకే అక్కా, ఎండాకాలానికి వస్తానన్న మాట నిలుపుకోలేను. కోపగించుకోకు. వీలైతే నువ్వే రా, శాలువా మరవకు. బావగారికీ, పెద్దమ్మకూ నా నమస్కారాలు చెప్పు. నన్నూ, ఆ పసిదాన్నీ దీవించు. ఇంటి మీద బెంగ ఆగడం లేదు. పళ్లు రావడానికి ఇంకా నెలలు పడుతుందని తెలిసి కూడా, మొన్న సంతకు వెళ్తూ వాళ్లింట్లో ఆగి పసిదాని చిగుళ్లు తడిమి చూశాను.

నీ చెల్లెలు,
పార్వతి