రాహువు దాటే రోజు విత్తనం

జూన్ 8
విడపనకల్లు నుంచి ఇప్పుడే వచ్చాను. బస్సులో నిలబడే రావడం. కాళ్ళు లాగుతున్నాయి. ఈ పున్నమి మీటింగూ తిప్పేస్వామన్న చేనిలోనే. పదకొండు మందిమి. సగం పొద్దు ఒకటే వాదన — శనక్కాయ వేరు పంటా, గింజ పంటా?

తిప్పేస్వామన్న పంచాంగంలో నాలుగు రకాల రోజులు. వేరు, ఆకు, పువ్వు, గింజ. చంద్రుడు ఎక్కడున్నాడో చూసి ఏ పంట ఏ రోజు విత్తాలో చెబుతాడు. భూమిలో కాస్తుంది కాబట్టి వేరు రోజే విత్తాలని కొందరు. తినేది గింజ కాబట్టి గింజ రోజే అని కొందరు. కుళ్లాయమ్మక్క నా చెవి దగ్గరికి వంగి, "తినేటప్పుడు ఎవురూ అడగరు గదా" అంది. నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నాను. చివరికి గింజ రోజే అని తిప్పేస్వామన్న తేల్చాడు. ఆయన తేలిస్తే తేలినట్టే. మూడేళ్ళ కింద మా చేత మందుల సంచులు మాన్పించి, ఆవు పేడతో, చంద్రుడి లెక్కతో సేద్యం నేర్పింది ఆయనే.

జూన్ 12
తెల్లవారుతూనే మా వాట్సాప్ గ్రూపులో వాయిస్ పెట్టడం నా పని. ఈరోజు ఏ రోజు... ఏం చేయొచ్చు... ఏం వద్దు. మొదట్లో రాసి పెట్టేదాన్ని. కుళ్లాయమ్మక్కకు చదువు రాదు. ఆమె కోసమని మాట్లాడి పెట్టడం మొదలైంది. ఇప్పుడు అందరికీ అదే అలవాటు. అంగన్‌వాడీలో పన్నెండేళ్ళు పిల్లలకు పాటలు చెప్పిన గొంతు. ఇట్లా పనికొస్తోంది.

జూన్ 15
గాలి. వాన లేదు.

జూన్ 19
గాలి. మబ్బు వచ్చినట్టే వచ్చి కర్ణాటక వైపు పోయింది. మా ఆయన గాలిమరల దగ్గర కాపలా డ్యూటీ నుంచి వచ్చి, అవి మాత్రం ఒక్క నిమిషం ఆగడం లేదన్నాడు.

సాయంత్రం కుళ్లాయమ్మక్క చేనికి పోయాను. మా చేనికి రెండు గట్ల అవతల. మొగుడు పోయాక మూడెకరాలూ ఆమె ఒక్కతే చూసుకుంటోంది. ఇద్దరం కూర్చుని, ఆవు కొమ్ములో పేడ కూరి మగ్గబెట్టిన కొమ్ము ఎరువు కలిపాం. పిడికెడు ఎరువు, పెద్ద తొట్టి నిండా నీళ్ళు. గంటసేపు కట్టెతో కుడికి తిప్పి సుడి, మళ్ళీ ఎడమకు తిప్పి సుడి. ఇది నిజంగా పనిచేస్తుందంటావా అక్కా, అని అడిగాను. ఎప్పుడూ అడగలేదు ఇన్నాళ్ళూ. ఆమె కట్టె ఆపకుండానే, "చేస్తాదో లేదో నాకేం తెలుసు. ఈ గంటసేపు కుదురుగా కూచుంటాండా గదా, అది బాగుండాది" అంది.

జూన్ 25
వాన. నాలుగింటికి మొదలై చీకటి పడేదాకా. చెప్పులు విప్పి చేనిలోకి దిగాను. చెయ్యి దించితే జానెడు లోతు దాకా తడి పదును. ఎర్రమన్ను వాసన... ఎంత రాసినా ఇంతే.

జూన్ 26
పొద్దున లేచి, మొహం కూడా కడగక ముందే వాయిస్ పెట్టాను. ఈరోజు చంద్రుడు రాహువును దాటుతాడు, రేపు భూమికి బాగా దూరంగా ఉంటాడు, ఈ రెండు రోజులూ విత్తనం వేయవద్దు, ఎల్లుండి గింజ రోజు, మంచిది — ఇదీ నేను చెప్పింది. పంచాంగంలో ఉన్నది ఉన్నట్టు.

ఎనిమిదికి ఊరంతా చేలల్లోనే. ఎటు చూసినా ఎద్దులు, విత్తనం వేసే గొర్లు సాగుతున్నాయి. మా ఆయన గట్టు మీద నిలబడి అటూ ఇటూ చూసి, "ఇది ఎర్రనేల. ఈ గాలికి ఎల్లుండికి ఏం మిగులుతాది? నువ్వే చెప్పు" అన్నాడు. నేను వద్దనలేదు. ఆయన పోయి గొర్రు పిలుచుకొచ్చాడు. పదికి మొదలు. మూడింటికి నాలుగెకరాలూ అయిపోయాయి. శనక్కాయ, మధ్య మధ్య కంది సాళ్ళు. గింజ మట్టిలోకి జారుతుంటే సంతోషంగానే ఉంది. అది దాచడం ఎందుకు.

గ్రూపులో చెప్పలేదు.
సాయంత్రం చెబుదాం అనుకున్నాను.

జూన్ 27
చెప్పలేదు.

కుళ్లాయమ్మక్క ఫోన్ చేసింది. రేపు ఖాయమేనా, గొర్రు తోలే ఓబులేసుకు మాట ఇవ్వాలి అని. ఖాయమే అక్కా, అన్నాను. రెండే మాటలు. ఇప్పటికిప్పుడు విత్తెయ్ అక్కా, నేను నిన్ననే విత్తినా — ఈ మాట నోటి దాకా వచ్చింది. అంటే నిన్న పొద్దున పెట్టిన వాయిస్ ఏమిటి? మిగతా పది మందీ వింటారు. తిప్పేస్వామన్న వింటాడు... సిగ్గుపడ్డాను. అంతే. ఇంకో కారణం ఏమీ లేదు.

పగలంతా గాలి.

జూన్ 28
కుళ్లాయమ్మక్క ఈరోజు విత్తింది. ఎకరం అయ్యేసరికి గొర్రు వెనక దుమ్ము లేచిందట. ఓబులేసు ఎద్దులు ఆపి, విత్తనం నేలపాలు చేయొద్దమ్మా అన్నాడట. మిగిలిన విత్తనం సంచిలోనే ఇంటికి. ఫోన్‌లో మామూలుగానే చెప్పింది. నీ విత్తనం ఎప్పుడు అని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

జులై 4
మొలిచింది. సాలు సాలూ కనబడుతోంది. ఆకులు ఇంకా సరిగ్గా విచ్చుకోలేదు, మెడలు వంచుకుని ఉన్నాయి. గట్టు మీద కూర్చుని ఎంతసేపు చూశానో.

తర్వాత రెండు గట్లు దాటి పోయాను. ఆమె చేను బోడిగా ఉంది. ఒక చోట గీరి చూశాను. గింజ సగం ఉబ్బి, ఎండిపోయి ఉంది. ఇంకొకదాన్ని చీమలు తొలిచాయి. మళ్ళీ మట్టి కప్పి, ఎవరైనా చూశారేమో అని చుట్టూ చూసి వచ్చేశాను. దొంగలాగా.

జులై 5
చెప్పాను.

మేకకు ఆకు వేస్తోంది. కూర్చోమంది. కూర్చోకుండానే చెప్పాను. ఇరవయ్యారో తేదీ పొద్దున నేను వద్దని చెప్పి, పదింటికి నేనే విత్తానని. నీకు ఫోన్‌లో కూడా దాచానని. ఆమె చేతిలో ఆకు అట్లాగే పట్టుకుని విన్నది.

"నేను చంద్రుని మాట విని ఆగలేదు సరోజా. నీ గొంతు విని ఆగినా."

లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను. తిట్టి ఉంటే ఇంత కష్టంగా ఉండేది కాదు.

జులై 7
పున్నమి మీటింగ్. పోకూడదనుకున్నాను. మా ఆయన, పోకపోతే ఇంక ఎప్పటికీ పోలేవు అన్నాడు. పోయాను.

అందరి ముందూ చెప్పాను. చెబుతున్నంతసేపూ తిప్పేస్వామన్న తల వంచుకుని గడ్డిపోచ తుంచుతున్నాడు. తర్వాత తలెత్తి, "రాహువు దాటే రోజు విత్తినావు. సరే, నీ చేను నీ ఇష్టం. పొద్దున్నే లేచి మందికి వద్దని చెప్పినావు చూడమ్మా, అది తప్పు" అన్నాడు. కాదనడానికి ఏముంది? ఎవరో వెనక నుంచి, వాయిస్ పని ఇంకొకరికి ఇద్దామన్నారు. ఇంకొకరు, నియమం పాటించని వాళ్ళు గ్రూపులో ఎందుకన్నారు.

అప్పుడు లేచింది కుళ్లాయమ్మక్క. మీటింగుల్లో ఆమె లేచి మాట్లాడటం నేను ఎన్నడూ చూడలేదు.

"చంద్రుడు యాడికీ పోడన్నా. పోయినా మళ్ళా నెలకు అదే చోటికి వస్తాడు. తడి అట్ల రాదు. నీది నల్లరేగడి, వారం దినాలు తడి పట్టుకోనుంటాది. మాది మూడో నాటికి దుమ్ము. ఈ మాట మూన్నాళ్ళ నుంచి కాదు, మూడేండ్ల నుంచి ఎవురూ నీతో అనలేదు. నువ్వూ అడగలేదు."

తిప్పేస్వామన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఎద్దులకు నీళ్ళు చూపించాలంటూ లేచి పోయాడు. మీటింగ్ అట్లాగే ముగిసింది. తిరుగు బస్సులో కుళ్లాయమ్మక్క నా పక్కనే కూర్చుంది. దిగేటప్పుడు నా సంచి కూడా తనే పట్టుకుంది.

జులై 8
వాయిస్ పెట్టలేదు.

జులై 13
గ్రూపులో ఎవరూ ఏమీ పెట్టడం లేదు. తెల్లవారగానే మెలకువ మాత్రం వస్తోంది.

జులై 20
కలుపు. నడుము. ఇంకేం రాయను.

జులై 29
నిన్న సాయంత్రం మళ్ళీ వాన. పెద్దదే.

ఈరోజు ఇంకా వెలుతురు రాకముందే కుళ్లాయమ్మక్క మా వాకిట్లో. "ఈ పొద్దు ఏం రోజో నాకు చెప్పొద్దు. నీ దగ్గర కొర్రలు ఉండాయా?" అంది. పోయినేటి కొర్ర విత్తనం బూడిద కలిపి దాచిపెట్టాను. దించి ఇచ్చాను. శనక్కాయకు కాలం మించింది, కొర్రకు ఇంకా ఉంది. నేనూ మా ఆయనా వెంట పోయాం. ఓబులేసు గొర్రు కట్టాడు. పొద్దెక్కేసరికి గ్రూపులోవాళ్ళు నలుగురు వచ్చారు. ఎవరు చెప్పారో తెలియదు. మీటింగులో నన్ను గ్రూపులో ఎందుకన్నాడే, ఆ నాగరాజు కూడా. విత్తనం సంచి అందుకుని గొర్రు వెంట నడిచాడు. మధ్యాహ్నానికి మూడెకరాలూ అయిపోయాయి. కొర్ర, కంది.

అన్నాలు తింటుంటే కుళ్లాయమ్మక్క నన్ను చూసి, సాయంత్రం కొమ్ము ఎరువు కలుపుదామా అంది. దానికి మంచి రోజేనా అని కూడా అడిగింది. పంచాంగం చూశాను. మంచిదే. నేను నవ్వాను, ఆమె కూడా.

ఆగస్టు 11
కొర్ర లేచింది. దూరం నుంచి చూస్తే నేల మీద పచ్చటి పొగలాగా. నా శనక్కాయ పూత మీద ఉంది.

వాయిస్ మళ్ళీ మొదలుపెట్టాను. కుళ్లాయమ్మక్క షరతు మీద — తడి మాట ముందు, చంద్రుడి మాట తర్వాత. ఒక్కొక్కరూ పొద్దున తమ చేనిలో చెయ్యి పెట్టి చూసి, ఎంత లోతున తడి ఉందో చెబుతున్నారు. జానెడు, బెత్తెడు, ఏమీ లేదు. నాగరాజు అయితే నేల రంగు కూడా చెబుతున్నాడు. తిప్పేస్వామన్న ఏమీ అనడు. వింటున్నాడని మాత్రం ఫోన్‌లో తెలుస్తోంది.

సెప్టెంబర్ 2
శనక్కాయ పూత నుంచి ఊడలు దిగే సమయం. నేల బండలాగా ఉంది. ఊడ మట్టిలోకి దిగితేనే కాయ, దిగాలంటే ఒక్క వాన కావాలి.

సెప్టెంబర్ 6
లేదు.

సెప్టెంబర్ 10
కాస్త పడింది. ముంగిట్లో చల్లినట్టు. అయినా పడింది. పొద్దున చూస్తే చెట్టు కింద మట్టి మెత్తబడి ఉంది. ఇది చాలుతుందా... తెలియదు. కుళ్లాయమ్మక్క కొర్ర మాత్రం మోకాలు దాటింది. రోజూ సాయంత్రం వచ్చి నన్ను లాక్కుపోయి చూపిస్తుంది, నేను నిన్ననే చూశానన్నా వినదు.

అక్టోబర్ 4
తిప్పేస్వామన్న ఫోన్. మూడు నెలల తర్వాత. బాగున్నారా అని కూడా లేదు. "సరోజమ్మా, మీ తావ ఒక పెద్ద వాన పడితే తడి ఎన్ని దినాలు నిలుస్తాది? సరిగ్గా చెప్పు" అన్నాడు. గాలి ఉంటే మూడు, లేకపోతే అయిదారు అన్నాను. రాసుకుంటున్నట్టుంది. తర్వాత, ఈసారి కొమ్ములు మీ నేలలో పాతిపెడదాం, నేను వస్తాను అని పెట్టేశాడు.

ఎప్పుడూ ఆయన రేగడిలోనే పాతేవాళ్ళం. చలికాలమంతా నేల లోపల మగ్గితేనే కొమ్ములో పేడ నల్లటి ఎరువు అవుతుంది. ఉగాదికి తీస్తాం. ఎర్రనేలలో మగ్గుతుందో, పేడ పేడగానే ఎండిపోతుందో ఎవరికీ తెలియదు. కుళ్లాయమ్మక్కకు చెబితే, ఆమె చేను మూల చూపించింది. కానుగ చెట్టు నీడ ఉంది అక్కడ.

అక్టోబర్ 9
పది గంటల బస్సుకు దిగాడు. గోనెసంచిలో ముప్పై కొమ్ములు. మా చేను మీదుగా నడిపించుకు పోయాను. అడగకుండానే వంగి ఒక శనక్కాయ చెట్టు పీకాడు. పన్నెండు కాయలు, అందులో నాలుగు లొట్ట. "ఫరవాలేదు" అన్నాడు. నాకు అది చాలు. వచ్చే వారం పీకాలి, ఎకరాకు ఎంత వస్తుందో చూడాలి.

కొర్ర చేను గట్టు మీద కాసేపు ఆగాడు. కంకులు బరువుకు వంగి ఉన్నాయి. కుళ్లాయమ్మక్క ఎదురొచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన, "ఇది విత్తింది ఏం రోజు?" అని అడిగాడు. "వాన పడిన మర్నాడు" అంది ఆమె. ఆయన తల ఊపాడు. ఒప్పుకున్నట్టా, విన్నట్టా... తెలియలేదు.

ముగ్గురం కలిసి కొమ్ముల్లోకి పేడ కూరాం. ఆయనే గుంత తవ్వాడు, గడ్డపార మాకు ఇవ్వలేదు. పై మన్ను పొడిపొడిగా రాలుతోంది. మూరెడు లోతుకు పోయాక ఆగి, గుంతలోకి చెయ్యి దించాడు. చాలాసేపు అట్లాగే పెట్టుకున్నాడు.

"చల్లగా ఉండాది. ఇది తడేనా, నీడ చలువా?"

కుళ్లాయమ్మక్క మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పెట్టింది. తడే అంది. నేను పెట్టాను. నాకు తేలలేదు. గుప్పెడు మన్ను పైకి తీసి గట్టిగా పిడికిలి పట్టి విప్పాను. తడి ఉంటే ముద్ద నిలవాలి. సగం నిలబడింది, సగం విరిగింది. ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం, తర్వాత ఆయన మొదటి కొమ్ము అందించమని చెయ్యి చాచాడు.